నది వెంట తాపీగా ప్రయాణం: ప్లాన్ ఎలా వేసుకోవాలి

నది వెంట వెళ్ళొద్దామని అనుకోగానే చాలామంది ముందు మ్యాప్ తెరుస్తారు. నది ఎక్కడ పుట్టింది, ఎక్కడ కలిసింది అని చూస్తారు. తర్వాత సెలవులు లెక్కపెట్టి, మొత్తం దూరాన్ని ఆ రోజులతో భాగిస్తారు. రోజుకి ఇంత అని ఒక అంకె తేలుతుంది. ఇక అక్కడి నుంచి ప్రతి రోజూ ఆ అంకె వెంట పరుగే.

ఈ లెక్కని తిరగేయండి. చేతిలో ఎన్ని రోజులున్నాయి? అలసట లేకుండా రోజుకి ఎంత దూరం పోగలం? ముందు ఇవి తేలాలి. ఆ రెండూ కలిస్తే వచ్చే దూరానికి సరిపడే ముక్క నదిలో ఎక్కడ బాగుందో ఆ తర్వాత వెతకాలి. డాన్యూబ్ పొడవు దాదాపు 2,850 కిలోమీటర్లు, పది దేశాల మీదుగా పోతుంది. వారం సెలవులో దాన్ని "పూర్తి చేయడం" అనే మాటకే అర్థం లేదు. కానీ అదే డాన్యూబ్‌లో, ఆస్ట్రియాలోని మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా ఉన్న వాఖావ్ లోయ 36 కిలోమీటర్లే. ద్రాక్ష తోటలు, పాత ఊళ్ళు, కొండ మీద కోట శిథిలాలు అన్నీ అందులోనే ఉన్నాయి. నాలుగు రోజులు తిరిగినా ఇంకా చూడాల్సింది మిగులుతుంది.

ముందు ముక్క ఎంచుకోండి

మొదటిసారి వెళ్తున్నవాళ్ళకి 60 నుంచి 100 కిలోమీటర్ల ముక్క చాలు. పుట్టిన చోటికి దగ్గర్లో నది ఇరుగ్గా, రాళ్ళ మధ్య దూకుడుగా ఉంటుంది. సముద్రానికి దగ్గరపడే కొద్దీ వెడల్పై, రెండు వైపులా ఎత్తైన కరకట్టల మధ్య పెద్ద సరుకు నౌకలతో నిండిపోతుంది. తాపీగా తిరగడానికి సాధారణంగా నడి భాగమే బాగుంటుంది. నీళ్ళు నిండుగా ఉంటాయి, ఊళ్ళు ఒడ్డునే ఉంటాయి, దాటడానికి వీలు దొరుకుతుంది.

అందం ఒక్కటే చూసి తేల్చేయకండి. ఊరికీ ఊరికీ మధ్య దూరం 10, 15 కిలోమీటర్లకి మించకుండా ఉందా? ఎక్కడ అలసిపోతే అక్కడ ఆగిపోవచ్చా? నదికి సమాంతరంగా రైలో బస్సో ఉందా? వాన పట్టుకున్నా, కాలు బెణికినా, పడవ రద్దయినా మిమ్మల్ని గట్టెక్కించేది అదే. మొదలుపెట్టే ఊరికి, ముగించే ఊరికి చేరుకోవడం ఎంత సులువు? వీటన్నిటికీ సరైన జవాబు దొరికితే ఆ ముక్క మీద ధైర్యంగా మనసు పెట్టుకోవచ్చు.

జర్మనీలో రైన్ నది బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా పోయే 65 కిలోమీటర్ల లోయని ఉదాహరణకి తీసుకోండి. 2002 నుంచి అది యునెస్కో వారసత్వ స్థలం. రెండు ఒడ్డుల మీదా రైలు మార్గం ఉంది. బింగెన్, బాఖరాఖ్, సాంక్ట్ గోవార్, బొప్పార్డ్, కోబ్లెంజ్ ఒకదాని తర్వాత ఒకటి నది అంచునే వస్తాయి. ఒక చోటి నుంచి ఇంకో చోటికి దగ్గర దగ్గర 15 కిలోమీటర్లు, చివరిది మాత్రం 20 పైచిలుకు. ఇలాంటి ముక్కలో ప్లాన్ తప్పినా ప్రయాణం చెడదు.

దీనికి పూర్తిగా భిన్నమైనది ఆస్ట్రేలియాలోని ముర్రే. 2,508 కిలోమీటర్ల పొడవున మెలికలు తిరుగుతూ, చాలా చోట్ల రెడ్ గమ్ అనే యూకలిప్టస్ చెట్ల అడవి మధ్య నుంచి పారుతుంది. ఇసుక తిన్నె మీద గుడారం వేసుకుని పడుకోవాలనుకునేవాళ్ళకి అదే స్వర్గం. కానీ ఊళ్ళు దూరం దూరంగా ఉంటాయి కాబట్టి తిండీ నీళ్ళూ వెంట తీసుకుపోవాల్సిందే. రెండు రకాలూ బాగుంటాయి. మీది ఏ రకమో ముందే తేల్చుకోండి, ఎందుకంటే ఒకదానికి సర్దుకున్న సామాను రెండో దానికి పనికిరాదు.

ముక్క ఖాయం చేసుకునే ముందు శాటిలైట్ మ్యాప్‌లో మొదటి నుంచి చివరి దాకా ఒకసారి వేలితో జరుపుతూ చూడండి. మ్యాప్‌లో నది పక్కనే గీసిన దారి, నిజానికి కరకట్ట వెనకాల ఉండొచ్చు. అలాంటి చోట రోజంతా నడిచినా నీళ్ళు కనిపించవు. దారి కట్ట మీద ఉందా, కట్ట వెనకాల ఉందా అన్నది శాటిలైట్ బొమ్మలో స్పష్టంగా తెలుస్తుంది.

ఏ నెలలో వెళ్ళాలో నదిని బట్టి తేలాలి

సెలవులు ఎప్పుడు దొరికితే అప్పుడు పోదామంటే నదితో కుదరదు. వాతావరణం బాగున్న నెలలో నీళ్ళు బాగుండాలని లేదు. నదికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే.

మంచు కరిగి వచ్చే నదులకి ఎండాకాలం మొదట్లో పోటు ఉంటుంది. ఆల్ప్స్ నుంచి వచ్చే ఇన్ నది జర్మనీలోని పస్సావ్ దగ్గర డాన్యూబ్‌లో కలుస్తుంది. పేరుకి ఉపనదే గానీ, ఏడాది సగటున డాన్యూబ్ కంటే అదే ఎక్కువ నీళ్ళు మోసుకొస్తుంది. మే, జూన్ నెలల్లో అక్కడ నీళ్ళు చల్లగా, వేగంగా ఉంటాయి. తెడ్డు పడవ కొత్తగా నేర్చుకున్నవాళ్ళకి అది సమయం కాదు. వేసవి ముగిసి ఆకులు రంగు మారే రోజుల్లో నది నెమ్మదిస్తుంది. అయితే మరీ ఆలస్యం చేస్తే నీళ్ళు తగ్గి పెద్ద పడవలు ఆగిపోవచ్చు.

వాన నీటి మీద బతికే నదుల కథ వేరు. ఇంగ్లండ్‌లోని థేమ్స్ చలికాలంలో పొంగుతుంది, వేసవిలో నెమ్మదిస్తుంది. గంగ, గోదావరి లాంటి రుతుపవన నదులు జులై నుంచి సెప్టెంబర్ దాకా వరదలో ఉంటాయి. అవి తగ్గుముఖం పట్టి, నీళ్ళు తేరుకుని, ఇంకా నిండుగానే ఉండే రోజులు ప్రయాణానికి మేలు. మెకాంగ్ కూడా అంతే. వానలు పోయాక నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. ఏప్రిల్ వచ్చేసరికి నీళ్ళు తగ్గి రాళ్ళు తేలతాయి.

ఇక మనిషి చేతిలో ఉన్న నదులు. ఎగువన పెద్ద డ్యామ్ ఉంటే రుతువుల లెక్కే తలకిందులు కావచ్చు. ముర్రే మీద హ్యూమ్ డ్యామ్‌కి దిగువన అదే జరుగుతుంది. మామూలుగా అయితే వేసవిలో చిక్కిపోవాల్సిన నది, సాగు కోసం నీళ్ళు వదులుతారు కాబట్టి వేసవిలోనే నిండుగా పారుతుంది. అందుకే "ఈ నెలలో ఎంత వాన పడుతుంది" అని వెతికి ఊరుకోకండి. "ఈ నెలలో నదిలో ఎంత నీళ్ళుంటాయి" అని విడిగా వెతకండి.

గాలిని చాలామంది మర్చిపోతారు. నైలు నది ఉత్తరానికి పారుతుంది, అక్కడ గాలి ఎక్కువగా ఉత్తరం నుంచి వీస్తుంది. అందుకే ఫెలూకా అనే తెరచాప పడవలు గాలితో ఎగువకి పోయి ప్రవాహంతో దిగువకి రాగలిగాయి. నది ఒడ్డున సైకిల్ మీద పోయేవాళ్ళకి కూడా గాలే ముఖ్యం. పస్సావ్ నుంచి వియన్నా దాకా డాన్యూబ్ సైకిల్ దారి 300 కిలోమీటర్ల పైన ఉంటుంది, దిగే ఎత్తు మొత్తం 130, 140 మీటర్లే. అంటే కిలోమీటరుకి అర మీటరు కూడా లేదు. కాళ్ళకి ఆ వాలు తెలియనే తెలియదు, ఎదురుగాలి మాత్రం తెలుస్తుంది. ఫ్రాన్స్‌లో లువార్ నది పడమరకి, అట్లాంటిక్ వైపు పారుతుంది, గాలి ఎక్కువగా అట్లాంటిక్ నుంచే వస్తుంది. కాబట్టి అక్కడ సముద్రం నుంచి మొదలుపెట్టి ఎగువకి తొక్కితే గాలి వెన్ను తడుతుంది. "నది వెంట అంటే దిగువకే పోవాలి" అని ఎవరూ రాసిపెట్టలేదు.

దేని మీద వెళ్ళాలి

నడక, సైకిల్, తెడ్డు పడవ, మనమే నడుపుకునే అద్దె పడవ, టికెట్ కొనుక్కుని ఎక్కే పడవ. వీటిలో ఒకటే ఎంచుకోవాలని పట్టు పట్టకండి. ఒడ్డు మీద నుంచి నది ఒకలా కనిపిస్తుంది, నది మీద నుంచి ఒడ్డు ఇంకోలా కనిపిస్తుంది. రెండూ చూడకపోతే సగమే చూసినట్టు. కనీసం ఒక్క పూటైనా నీటి మీద గడిపేలా, కనీసం ఒక్క పూటైనా కాలినడకన తిరిగేలా ప్లాన్ వేసుకోండి.

ఏది ఎంచుకున్నా ప్రవాహం వేగం తెలియాలి. దానికి ఒక సులువైన మార్గం ఉంది. ఆ ముక్కలో తిరిగే టికెట్ పడవ టైమ్‌టేబుల్ తీసి, పోవడానికి ఎంత పడుతుందో, రావడానికి ఎంత పడుతుందో చూడండి. వాఖావ్‌లో మెల్క్ నుంచి క్రెమ్స్‌కి దిగువకి వచ్చే నౌకకి దాదాపు గంటా నలభై నిమిషాలు పడుతుంది. ఎదురెక్కి క్రెమ్స్ నుంచి మెల్క్‌కి పోవాలంటే దాదాపు మూడు గంటలు. దూరం 36 కిలోమీటర్లు. అంటే దిగువకి గంటకి 21, 22 కిలోమీటర్లు, ఎగువకి 12. ఈ రెండింటి తేడాలో సగం నీటి వేగం. మధ్యలో రేవుల్లో ఆగే సమయాన్ని వదిలేస్తే సుమారు 5 కిలోమీటర్లు.

ఈ ఒక్క అంకె చాలా చెబుతుంది. తెడ్డు పడవలో మామూలు మనిషి నిలకడ నీటిలో గంటకి 5, 6 కిలోమీటర్లు పోతాడు. అంత ప్రవాహానికి ఎదురెళ్తే ఉన్నచోటే ఉంటాడు. కాబట్టి అక్కడ తెడ్డు పడవంటే దిగువకి మాత్రమే, వెనక్కి రావడానికి రైలు చూసుకోవాలి. అదే ఆనకట్టల మధ్య నిలిచినట్టుండే నీళ్ళైతే ఎటైనా పోవచ్చు, పొద్దున వెళ్ళి సాయంత్రానికి అదే రేవుకి రావచ్చు.

టికెట్ పడవ విషయంలో నా మాట వింటే ఎగువకి పోయేది ఎక్కండి. అదే లోయని గంటా నలభైకి బదులు మూడు గంటలు చూస్తారు. దిగువకి పోయే పడవలో ఒక ఊరిని చూసేలోపే అది వెనక్కి పోతుంది. ఎగువకి పోయే పడవలో ఊరు మెల్లిగా దగ్గరై, మెల్లిగా దూరమవుతుంది. సైకిల్‌ని కూడా పడవ ఎక్కించి, పైనుంచి తొక్కుకుంటూ కిందికి వస్తే ఒకే దారిలో రెండు ప్రయాణాలు అవుతాయి. సైకిల్‌కి చోటు మాత్రం ముందుగా చెప్పి ఉంచుకోవాలి.

అద్దె పడవ తీసుకునేవాళ్ళు లైసెన్స్ కావాలో వద్దో ముందే కనుక్కోండి, దేశాన్ని బట్టి, పడవ సైజుని బట్టి మారుతుంది. ఫ్రాన్స్‌లో సెలవులకి అద్దెకిచ్చే పడవలకి లైసెన్స్ అడగరు, అప్పగించేటప్పుడు కాసేపు నేర్పిస్తారు. ఆ నేర్పించే సమయంలో తొందరపడకండి. గాలి ఉన్నప్పుడు రేవుకి ఎలా ఆనించాలి, రివర్స్‌లో పడవ ఎటు లాగుతుంది అన్నవి మీ చేత్తో చేసి చూశాకే తాళం తీసుకోండి.

రోజుకి ఎంత

మీరు పోగలిగినంతలో సగం. ఇదే కొలత. రోజంతా నడిస్తే 25 కిలోమీటర్లు నడవగలిగితే, ప్లాన్‌లో 12 రాయండి. సైకిల్ మీద 60 తొక్కగలిగితే 30 రాయండి. తెడ్డు పడవకి 15 నుంచి 20 చాలు. మిగిలిన సగం రోజు ఖాళీగా పోదు. ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పక్కన కూర్చోవడానికి, పక్క లోయలోకి పోయే దారి కనిపిస్తే అటు తిరగడానికి, చెట్టు కింద పడుకోవడానికి ఆ సమయం కావాలి. అసలు మనం వచ్చిందే అందుకు.

రైన్ ఉదాహరణలో నడక అనుకుంటే నాలుగు నడక రోజులు, మధ్యలో ఒక విశ్రాంతి రోజు, ఇరువైపులా చేరుకునే రోజులు కలిపి వారం సరిపోతుంది. చివరి 20 కిలోమీటర్లలో సగం రైల్లో పోయినా ఏమీ తప్పులేదు. మూడు రోజులకోసారి ఒకే ఊళ్ళో రెండు రాత్రులు ఉండండి. అంత మాత్రానికే బట్టలు ఆరతాయి, ఒళ్ళు తేలికవుతుంది.

పడవలో పోయేవాళ్ళు లాకులని, అంటే నీళ్ళు నింపి, వదిలి పడవని పై మట్టానికో కింది మట్టానికో చేర్చే తలుపుల గదులని, దూరంలా లెక్కపెట్టాలి. ఒక్కో లాకు దాటడానికి పావుగంట నుంచి అరగంట, ముందు పడవలు వరసలో ఉంటే ఇంకా ఎక్కువ. సముద్రపు పోటు తగలని థేమ్స్ మీద 45 లాకులున్నాయి, పడవల వేగ పరిమితి గంటకి 8 కిలోమీటర్లు. ఒక రోజులో ఆరు లాకులు వస్తే రెండు, మూడు గంటలు వాటికే. లాకులు రాత్రి పనిచేస్తాయా, మధ్యాహ్నం మూసేస్తారా, మరమ్మతులకి ఆపారా అన్నది ఆ నదిని చూసుకునే సంస్థ వెబ్‌సైట్‌లో ఉంటుంది. బయల్దేరే వారం ముందు ఒకసారి, ముందు రోజు ఇంకోసారి చూడండి.

మ్యాప్ మీద గుర్తులు పెట్టుకోండి

కుడి గట్టు, ఎడమ గట్టు అన్నవి ఎప్పుడూ దిగువకి ముఖం పెట్టి చూసినప్పటి కుడి, ఎడమలు. మీరు ఎగువకి పోతున్నా అవి మారవు. దారి చెప్పేవాళ్ళు "కుడి గట్టున ఉంది" అంటే ఈ లెక్కలోనే అంటారు.

పెద్ద నదులకి కిలోమీటరు బోర్డులుంటాయి. రైన్ మీద అంకెలు కాన్‌స్టాన్స్ వంతెన దగ్గర సున్నాతో మొదలై దిగువకి పెరుగుతాయి. బింగెన్ దగ్గర 528, బాఖరాఖ్ 543, బొప్పార్డ్ 570, కోబ్లెంజ్ 590 దాటాక. డాన్యూబ్ మీద తిరగేసి, నల్ల సముద్రం వైపు నుంచి మొదలై ఎగువకి పెరుగుతాయి. మీ రోజువారీ ప్లాన్‌ని ఈ అంకెలతో రాసుకోండి. మెలికలు తిరిగే నదిలో రోడ్డు మ్యాప్ దూరం నమ్మితే మోసపోతారు, రోడ్డు మీద ఐదు కిలోమీటర్ల చోట నది పదిహేను తిరగొచ్చు. ఆపద వచ్చినప్పుడు సాయానికి వచ్చేవాళ్ళకి "ఫలానా కిలోమీటరు, ఎడమ గట్టు" అని చెప్తే చాలు, నేరుగా వస్తారు.

తర్వాత దాటే చోట్లు. వంతెనలన్నీ ఒక రంగులో, పంటులన్నీ (ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి దాటించే పడవలు) ఇంకో రంగులో గుర్తు పెట్టండి. బింగెన్ దాటాక కోబ్లెంజ్ వచ్చే దాకా రైన్ మీద వంతెన లేదు, పంటు మీదే దాటాలి. సాయంత్రం ఆఖరి పంటు పోయిందంటే, మీ బస ఎదురు ఒడ్డున కళ్ళ ముందే కనిపిస్తున్నా చేరలేరు. అందుకే ప్రతి పంటు పక్కనా ఆఖరి సమయం రాసుకోండి. ఆదివారాలకి, సీజన్ కాని నెలలకి వేరే సమయాలుంటాయి. వాఖావ్‌లో స్పిట్జ్ దగ్గర ఇంజన్ లేకుండా నడిచే పంటు ఉంది. నదికి అడ్డంగా పైన కట్టిన తీగని పట్టుకుని, పడవని కాస్త ఏటవాలుగా తిప్పితే ప్రవాహమే దాన్ని అవతలికి నెట్టేస్తుంది. దాటాల్సిన అవసరం లేకపోయినా దాటి చూడండి.

నీటిమట్టం చదవడం నేర్చుకోండి

గైడ్లు ఎక్కువగా వదిలేసేది ఇదే. నీటి మీద ప్రయాణం సాగుతుందా లేదా అన్నది తేల్చేది ఇదే. చాలా పెద్ద నదులకి ఊరూరా నీటిమట్టం కొలిచే గేజ్ ఉంటుంది, దాని అంకె రోజూ ఇంటర్నెట్‌లో పెడతారు. మీ ముక్కకి సంబంధించిన గేజ్ ఏదో కనుక్కుని, బయల్దేరడానికి రెండు వారాల ముందు నుంచి రోజూ చూస్తూ ఉండండి. ఒక్క రోజు అంకె ఏమీ చెప్పదు. పెరుగుతోందా, తగ్గుతోందా, ఎంత వేగంగా అన్నదే కావాలి.

గేజ్ అంకె లోతు కాదు. రైన్ మీద కౌబ్ అనే ఊరి గేజ్ 2018 అక్టోబర్‌లో 25 సెంటీమీటర్లకి పడిపోయింది. అంటే నదిలో మోకాలి లోతు నీళ్ళే మిగిలాయని కాదు. గేజ్ సున్నా అనేది నది అడుగు కాదు, కొలతకి పెట్టుకున్న ఒక గుర్తు. పడవలు పోయే దారిలో నీళ్ళు అంతకంటే మీటరుకి పైనే ఎక్కువ ఉంటాయి. అయినా ఆ రోజుల్లో సరుకు నౌకలు మామూలు బరువులో కొద్ది భాగమే మోయగలిగాయి. కాబట్టి అంకెని ఒంటరిగా చూసి కంగారు పడొద్దు, ధీమాగా ఉండొద్దు. పడవ నడిపేవాళ్ళని రెండే ప్రశ్నలు అడగండి: "ఏ అంకె కంటే తగ్గితే మీరు ఆపేస్తారు? ఏ అంకె దాటితే ఆపేస్తారు?" ఆ రెండూ నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ మధ్యలో నది ఉన్నంతకాలం టెన్షన్ అక్కర్లేదు.

థేమ్స్ మీద ఇదే పని లాకుల దగ్గర పెట్టే బోర్డులు చేస్తాయి. పసుపు బోర్డు ఉంటే ప్రవాహం పెరుగుతోందో తగ్గుతోందో చెబుతున్నట్టు, జాగ్రత్త పడాలి. ఎరుపు ఉంటే ప్రవాహం బలంగా ఉంది, పడవ తియ్యకూడదు. మీ నది మీద ఏ గుర్తు వాడతారో ముందే తెలుసుకోండి.

మీ తల మీద ఆకాశం నీలంగా ఉన్నా నది పెరగొచ్చు. 300 కిలోమీటర్ల ఎగువన మొన్న పడ్డ వాన ఇవాళ మీ దగ్గరికి చేరుతుంది. కాబట్టి వాతావరణం చూసేటప్పుడు మీరున్న ఊరిది కాకుండా ఎగువ ప్రాంతానిది చూడండి.

నెమ్మదైన నదిలోనూ ఉండే ప్రమాదాలు

నిదానంగా పారే నది కాబట్టి భయం లేదనుకోవడం అన్నిటికంటే ప్రమాదం. తెడ్డు పడవవాళ్ళకి అసలు శత్రువు చిన్న ఆనకట్ట. ఎగువ నుంచి చూస్తే అది కనిపించదు. నీళ్ళు ఒక సరళ రేఖ దగ్గర ఆగిపోయినట్టు, అవతలి నది మాయమైనట్టు కనిపిస్తుంది, అంతే. ఎత్తు ఒక మీటరే ఉన్నా దాని కింద నీళ్ళు వెనక్కి తిరిగి ఆనకట్ట గోడ వైపే లాగుతుంటాయి. అందులో పడ్డ మనిషి, ఎంత ఈతగాడైనా, లైఫ్ జాకెట్ ఉన్నా, బయటపడటం కష్టం. మ్యాప్ మీద ప్రతి ఆనకట్టనీ ఎర్రగా గుర్తు పెట్టి, దానికి ముందు ఏ గట్టున దిగి పడవ మోసుకుపోవాలో రాసుకోండి. అది చూశాక దిగుదాం అనుకోవద్దు. కిలోమీటరు బోర్డు చూసి ముందే ఒడ్డుకి జరగండి.

డ్యామ్ దిగువన నది మధ్యలోకి, రాళ్ళ మీదకి, లంకల్లోకి పోయి కూర్చోకండి. 2014 జూన్‌లో హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో దిగిన హైదరాబాద్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జి డ్యామ్ నుంచి ఒక్కసారిగా వదిలిన నీళ్ళలో కొట్టుకుపోయారు. అప్పటిదాకా అక్కడ రాళ్ళు తేలి ఉన్నాయి. ఎగువన విద్యుత్ కేంద్రం ఉందో లేదో, నీళ్ళు ఎప్పుడు వదులుతారో, సైరన్ మోగుతుందో లేదో అక్కడివాళ్ళని అడగకుండా నదిలో కాలు పెట్టకండి. గుడారం వేసేటప్పుడు ఒడ్డున చెట్ల కొమ్మలకి పట్టిన చెత్త ఎంత ఎత్తులో ఉందో చూడండి. నది అంతవరకు వచ్చిందని అర్థం. అంతకంటే పైన పడుకోండి.

మలుపుల్లో బయటి వైపు నీళ్ళు లోతుగా, వేగంగా ఉంటాయి, ఒరిగిన చెట్లు అక్కడే ఉంటాయి. కొమ్మల్లోంచి నీళ్ళు పోతాయి గానీ పడవ, మనిషి చిక్కుకుపోతారు. లోపలి వైపు ఇసుక మేట వేసి, నీళ్ళు పలచగా ఉంటాయి. ఆగడానికి అటే చూసుకోండి. లైఫ్ జాకెట్ పడవలో ఉండటం కాదు, ఒంటి మీద ఉండాలి, బకిల్ పెట్టి ఉండాలి.

బుకింగులు, సామాను

మొదటి రాత్రి, ఆఖరి రాత్రి, అద్దె పడవ ఉంటే అది తప్పకుండా ముందే బుక్ చేయండి. మధ్యలో వచ్చే రాత్రులకి రద్దు చేసుకునే వీలున్నవి తీసుకోండి, లేదా రద్దీ లేని నెలైతే ఖాళీగా వదిలేయండి. గట్టిగా బిగించుకున్న బుకింగులు తాపీ ప్రయాణాన్ని చంపేస్తాయి. బాగున్న ఊళ్ళో ఇంకో రోజు ఉందామనిపించినా ఉండలేరు.

సామానులో బరువు తగ్గించండి, ముఖ్యమైనవి నీళ్ళు చొరబడని సంచిలో కట్టండి. ఫోను, కాగితాలు, పొడి బట్టల జత ఒకటి అందులో ఉండాలి. మ్యాప్‌ని ఫోన్లో డౌన్‌లోడ్ చేసుకోవడంతో పాటు కాగితం మీద కూడా ఉంచుకోండి. లోయల్లో సిగ్నల్ పోతుంది. టోపీ, బైనాక్యులర్ మర్చిపోకండి. నీటి మీద ఎండ పైనుంచీ కిందనుంచీ కొడుతుంది, నది మీద పక్షులు దూరంగానే ఉంటాయి.

లాకులోకి దిగడం

పడవ నడుపుకునేవాళ్ళకి మొదటి లాకు అంటే గుండె దడ. చేయాల్సింది తెలిస్తే అందులో సరదా ఉంది. గుమ్మం ముందు పచ్చ లైటు వచ్చేదాకా, లేదా లాకు మనిషి చెయ్యి ఊపేదాకా ఆగండి. మెల్లిగా లోపలికి పోయి గోడకి ఆనించి, ఇంజన్ ఆపేయండి. ముందొకరు, వెనకొకరు తాడు పట్టుకోవాలి. తాడుని గట్టు మీది గుంజకి ఒక చుట్టు తిప్పి, కొస చేతిలోనే ఉంచుకోండి. ముడి వేయకండి. లాకులో నీళ్ళు దిగుతుంటే పడవ కూడా దిగుతుంది. ముడేసిన తాడు పడవని గోడకి వేలాడదీస్తుంది. నీళ్ళు దిగే కొద్దీ తాడు వదులుతూ పోవాలి.

ఇంకొకటి. దిగువకి పోయేటప్పుడు ఎగువ గుమ్మం కింద ఒక రాతి అంచు ఉంటుంది, నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు అది మునిగి కనిపించదు. పడవ వెనక భాగం దాని మీద నిలిస్తే, నీళ్ళు దిగాక వెనక భాగం గాల్లో, ముందు భాగం నీళ్ళలో ఉంటుంది. పడవలు మునిగేది ఇలాగే. ఆ అంచు ఎక్కడిదాకా ఉందో గోడ మీద గీత గీసి ఉంటుంది. మీ పడవ మొత్తం ఆ గీతకి ముందుకి ఉందని చూసుకున్నాకే తాడు చేతికి తీసుకోండి.

నది ఒప్పుకోని రోజు

వరద వచ్చి పడవలు ఆగిపోవచ్చు, నీళ్ళు తగ్గి ఆగిపోవచ్చు, శరదృతువులో పొద్దున్నే పొగమంచు పట్టి పది గంటల దాకా ఎదురు ఒడ్డు కనిపించకపోవచ్చు. ఇవి వస్తాయనే అనుకుని ప్లాన్‌లో చోటు పెట్టండి. వారానికి ఒక రోజు ఏ పనీ రాయకుండా ఉంచండి. ఆ రోజు వాడాల్సి రాకపోతే నచ్చిన ఊళ్ళో గడిపేయొచ్చు.

ప్రతి మజిలీకి పక్కన ఇంకో మాట కూడా రాసుకోండి: పడవ లేకపోతే ఏం చేస్తాం. బాఖరాఖ్ నుంచి సాంక్ట్ గోవార్‌కి పడవ లేకపోతే రైలుంది, కొండ మీద నుంచి నడక దారి ఉంది. పొంగుతున్న నదిని ఎత్తు నుంచి చూడటం కూడా చూడదగ్గదే. రాత్రి బసవాళ్ళకి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పండి. వెళ్ళాల్సిన పడవకి డబ్బు వెనక్కి ఇస్తారో, వేరే రోజుకి మారుస్తారో టికెట్ కొనేటప్పుడే అడిగి ఉంచుకోండి.

ఆఖరి ఊరికి తిరుగు రైలుకి ఒక రోజు ముందే చేరేలా చూసుకోండి. అద్దె పడవ అప్పగించాల్సి ఉంటే ముందు సాయంత్రమే ఆ రేవుకి గంట దూరంలోకి వచ్చేయండి. పొద్దున మిగిలేది ఇంధనం నింపడం, పడవ కడగడం, తాళం ఇవ్వడం. అవి తీరుబడిగా చేసుకోవచ్చు.